అయిదో వరస

పదకొండో భాగం

గొర్రెల పెద్దాయన మందలో అరవై మూడు గొర్రెలు నేలకొరిగి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. దాణా మిల్లు గోడౌనుకు ప్రభుత్వం సీలు వేసి తొమ్మిది రోజులు. దాణా నాణ్యత తనిఖీ చేసే మన ఇన్‌స్పెక్టరమ్మ కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో మాత్రం ఆమెకే తెలియదు.

పోయిన వారం ఆమెను విచారణ గదిలో నిలబడి ఉండగా వదిలేశాం. మరచిపోయినవాళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆ మిల్లు అమ్మిన బస్తాల మీద ‘గొర్రెల దాణా’ అని ట్యాగు కుట్టి ఉంది. లోపల ఉన్నది అమ్ముడుపోక మిగిలిపోయిన పశువుల దాణా. పశువుల దాణాలో రాగి కలుపుతారు. చెంబులు చేసే రాగే. ఆవులకూ గేదెలకూ అది బలం. గొర్రెకు మాత్రం కాలేయంలో కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. వారాల తరబడి పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు ఉన్నట్టుండి కళ్ళు పచ్చబడతాయి, ఒంటేలు నల్లగా దిగుతుంది, సాయంత్రానికి గొర్రె ఉండదు.

ఇంత తేలాక మిల్లు యజమాని కాళ్ళబేరానికి వస్తాడని అందరం అనుకున్నాం. ఆయన రాలేదు. ఆయన వకీలు వచ్చాడు, బల్ల మీద ఒక కాగితం పెట్టి వేలితో మెల్లగా ముందుకు తోశాడు. అదే సరుకు నుంచి నలభై రోజుల కిందట ప్రభుత్వమే నమూనా తీసుకుంది, ల్యాబులో పరీక్ష చేయించింది, ఇది అచ్చమైన గొర్రెల దాణా అని రాసిచ్చింది. ఆ కాగితం కింద ఇన్‌స్పెక్టరమ్మ సంతకం.

“అమ్మా, ఈ సంతకం నీదేనా?” అని అడిగారు ఆమె పై అధికారి పెద్దసారు.

“నాదే సార్.”

అక్కడ ఆగాం. ఆ తర్వాత పెద్దసారు గడువు పెట్టారు. రేపు ఉదయం పది గంటల్లోగా ఆ పాత నమూనా ఎందుకు తప్పయిందో కాగితం మీద చూపించాలి. చూపించలేకపోతే సీలు తీసేయాలి. గోడౌనులో ఆరు వందల బస్తాలు ఉన్నాయి. గేటు బయట అప్పుడే మూడు లారీలు వచ్చి ఆగాయి. “నీ ఒక్కదాని మాట చాలదమ్మా. తప్పించుకోవడానికి చెప్తోందంటాడు వకీలు. మిల్లు మనిషి ఎవడైనా సంతకం పెట్టాలి” అన్నారు పెద్దసారు. ఆ మిల్లులో హమాలీల మేస్త్రి ఆమెకు అక్క మొగుడని ఆయనకు తెలుసు. “బావైతే ఏంటి, వాళ్ళ మనిషి సంతకం వాళ్ళ మీదే కదా పనిచేసేది” అని కూడా అన్నారు.

*

మధ్యాహ్నం రెండు గంటలకు జీపు మిల్లు ముందు ఆగింది. బావ గోడౌను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా బస్తాలు మోసీ మోయించీ ఆయన మెడ వెనక చర్మం మందంగా ముడతలు పడింది. మరదలిని చూడగానే అలవాటు కొద్దీ ముఖం విప్పారింది.

“రా మరదలా. తొమ్మిది రోజులు తలుపులు మూసేస్తే గానీ బావ గుర్తు రాలేదన్నమాట.”

మామూలు రోజైతే ఈ మాటకు ఆమె దగ్గర పది మాటలు ఉండేవి. అక్క పెళ్ళయినప్పుడు ఈమెకు పదేళ్ళు. పెళ్ళిపందిట్లో బావ చెప్పు దాచేసిన నాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకోకుండా ఒక్క పూట గడిపింది లేదు. ఆయన లావును ఆమె, ఆమె ఉద్యోగాన్ని ఆయన, ఇద్దరూ కలిసి అక్క చాదస్తాన్ని వేళాకోళం చేయడంతోనే ఆ ఇంట్లో పండగలన్నీ గడిచాయి.

“మిల్లు తరఫున నువ్వొక్కడివేనా బావా?” అంది ఆమె.

ఆయన నవ్వు సగంలో ఆగింది. “ఓనరుగారు రారట. వకీలు వద్దన్నాడట. ‘నీ మరదలే కదా, నువ్వు చూసుకో’ అన్నారు.”

ఎంత తెలివైనవాడో చూడండి ఆ యజమాని. ఇంటి మనిషిని ఇంటి మనిషికి అడ్డం పెట్టి తాను కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాడు.

జీపు డ్రైవరూ, మిల్లు వాచ్‌మనూ సాక్షులుగా నిలబడ్డారు. తాళానికి చుట్టిన గుడ్డ, దాని మీది లక్క ముద్ర చెక్కు చెదరలేదని ఇద్దరికీ చూపించి, వాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుని, అప్పుడు తాళం తీసింది. తలుపు తెరవగానే తొమ్మిది రోజులు మగ్గిన తవుడు వాసన వెచ్చగా ముఖానికి కొట్టింది.

లోపల నాలుగు నెట్లు. బస్తాల మీద బస్తాలు పది వరసల ఎత్తున, గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. నెట్టుకీ నెట్టుకీ మధ్య ఒక మనిషి నడిచేంత దారి. పైన వెంటిలేటర్ల నుంచి పడే వెలుతురులో దుమ్ము నెమ్మదిగా తిరుగుతోంది. ఆమె మొదటి దారిలోకి నడిచింది. ఎడమ మోకాలు ఎప్పటిలాగే అడుగడుక్కీ గుర్తు చేస్తోంది. రెండేళ్ళ కిందట జీపు బోల్తా పడినప్పుడు విరిగిన మోకాలది, లోపల ఇనుప పలక ఉంది. నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, కింద కూర్చోవడం మాత్రం మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

నమూనా ఎలా తీస్తారో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఒక చివర కోసుగా ఉన్న ఇనప గొట్టాన్ని బస్తాలోకి గుచ్చి తిప్పితే లోపలి దాణా గొట్టంలోకి వస్తుంది. గొట్టం తీసేశాక ఆ చిల్లు మీద తెల్ల కాగితం అతికించి, అధికారి సంతకం, తేదీ వేస్తారు. నలభై రోజుల నాడు ఆమె అలా పన్నెండు బస్తాలు గుచ్చింది. ఆ పన్నెండు తెల్ల కాగితాలూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆమె వాటిని వెతకాల్సిన పని లేకపోయింది. మొదటి నెట్టులో మూడు, రెండో దాంట్లో మూడు, అలాగే మూడూ నాలుగూ. నాలుగు నెట్లలోనూ అన్నీ ఒకే ఎత్తులో, తాడు కట్టి ఆరేసినట్టు ఉన్నాయి. ఆమె కింద నుంచి లెక్కపెట్టింది. అయిదో వరస. అన్నీ అయిదో వరసే. దగ్గరగా వెళ్ళి నిలబడింది. ఆ కాగితాలు సరిగ్గా ఆమె గుండెల ఎత్తున ఉన్నాయి.

సంచీలోంచి పాత రిపోర్టు నకలు తీసింది. అందులో అచ్చయి ఉంది: ‘నమూనాలు నెట్టు పై భాగం, మధ్య భాగం, అడుగు భాగం నుంచి సేకరించడమైనది.’ ఆ వాక్యం ఆమె రాసింది కాదు. ఆఫీసులో ఎన్నో ఏళ్ళ కిందట వేల కాపీలు అచ్చేయించిన ఫారంలో ఆ వాక్యం ముందే ఉంటుంది. అధికారి తేదీ నింపి, బస్తాల సంఖ్య నింపి, కింద సంతకం పెడతాడు. వంగినా వంగకపోయినా ఫారం మాత్రం వంగినట్టే చెప్తుంది. ఆమె సంతకం పెట్టేటప్పుడు ఆ వాక్యం చదవలేదు. ఎవరూ చదవరు.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ట్యాగు మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి పెట్టాడని కదా ఆ యజమానిని పట్టుకుంది. తన రిపోర్టూ అలాంటి బస్తాయే అయింది.

“బావా, ఈ నెట్లు నువ్వు కట్టించినవేనా?”

“ఇంకెవరు కట్టిస్తారు?” అన్నాడు. ఆయన చూపు కాగితాల మీద లేదు. తలుపు వైపు ఉంది.

ఆమె గొట్టం తీసుకుంది. బస్తాను పట్టుకుని కుడి మోకాలు ముందు నేలకు ఆనించింది. ఎడమ కాలు చాపింది. అయినా అడుగు వరస అందలేదు. అప్పుడు ఆ దుమ్ములో, సిమెంటు నేల మీద ఒక పక్కకు పడుకుంది.

“అమ్మా, నేను తీస్తానమ్మా” అని డ్రైవరు ముందుకొచ్చాడు.

“నువ్వు సాక్షివి. చూస్తే చాలు.”

“ఇలా ఇవ్వు మరదలా” అన్నాడు బావ.

“మిల్లు చెయ్యి పడకూడదు బావా.”

పడుకునే గొట్టం గుచ్చింది. గుచ్చాలంటే బలం కావాలి, ఆ బలం నడుము నుంచి రావాలి, పడుకున్న మనిషికి నడుము సాయం రాదు. రెండు చేతులతో నెట్టింది. దాణా గొట్టంలోకి జారిన చప్పుడు వినిపించింది. సంచీలోకి వంపుకుంది. చూడటానికి అన్నీ ఒకటే, అదే రంగు, అదే పొడి. తేడా చెప్పాల్సింది ల్యాబు, దానికి నాలుగు రోజులు పడుతుంది. గడువు రేపు పొద్దున్నే. అయినా తీసింది. పాకుతూ పక్క బస్తాకు వెళ్ళింది. మూడో బస్తా దగ్గర తుమ్ములు ఆగలేదు. నాలుగో బస్తా అయ్యాక లేవబోయింది. మోకాలు ఒప్పుకోలేదు. పెదవి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నొప్పి వల్లో దుమ్ము వల్లో చూసేవాళ్ళకు తెలిసే వీల్లేదు.

“చాలు. ఇక చాలించు” అన్నాడు బావ. గొంతులో వేళాకోళం లేదు. వచ్చి చంకల కింద చేతులేసి బస్తాను ఎత్తినంత ఒడుపుగా ఆమెను లేపి, ఎడమ కాలు చాపించి నెట్టుకు ఆనించి కూర్చోబెట్టాడు. తానూ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. “రాసుకో. చెప్తాను.”

*

డ్రైవరూ వాచ్‌మనూ తలుపు దగ్గరికి జరిగారు. ఆమె అట్ట మీద తెల్ల కాగితం పెట్టుకుంది. వాంగ్మూలం అంటే ప్రశ్న రాయాలి, దాని కింద జవాబు రాయాలి. ఎంత దగ్గరివాళ్ళయినా అదే పద్ధతి. మొదటి రెండు ప్రశ్నలూ ఊరూ పేరూ, చేసే పనీ. మూడోది అసలు ప్రశ్న.

“అయిదో వరసలో ఏముంది?”

“ఆ బస్తాలు మిల్లులో ఒక వైపు నుంచి విడిగా వచ్చేవి. మిగతా వరసల బస్తాలు వేరే వైపు నుంచి వచ్చేవి. ట్యాగు మాత్రం అన్నిటికీ ఒకటే.”

“ఆ వరస అలా ఎందుకు కట్టారు?”

“ఓనరుగారు కట్టమన్నారు. లోడు వెళ్ళినప్పుడల్లా నెట్టు విప్పి మళ్ళీ కట్టాలి, అయిదోది మాత్రం అయిదులోనే ఉండాలి. మావాళ్ళకి ఒళ్ళు మండిపోయేది. దానికి అల్లుడి వరస అని పేరు పెట్టారు. కదలదు మెదలదు, మర్యాదలు మాత్రం జరిపించుకుంటుంది అని.”

వేరే రోజైతే ఆ పేరుకు ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఆమె రాసుకుంది.

“నేను అయిదో వరసే గుచ్చుతానని ఓనరుకి ఎలా తెలుసు?”

బావ మెడలోని తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“నువ్వే కదా అన్నావు.”

“నేనా?”

“పోయిన వేసవిలో. మా ఇంట్లో భోజనాల దగ్గర. అందరం కింద కూర్చుంటే నీకు కుర్చీ వేశాం. నేనేదో అన్నాను, గవర్నమెంటు కుర్చీ ఇంటిక్కూడా వెంట తెచ్చుకున్నావే అని. నువ్వేమన్నావో గుర్తుందా? ‘ఇక వంగడాలు లేవు బావా. నా గుండెల ఎత్తులో ఏది ఉంటే అదే గవర్నమెంటుకి కనిపించేది’ అన్నావు. మీ అక్క నవ్వాపుకోలేక గరిటె కింద పడేసింది.”

గుర్తుంది. ఆ మాట అన్నప్పుడు బాగా అన్నానని తనలో తాను మురిసిపోయింది కూడా.

“మర్నాడు టీ తాగేటప్పుడు మావాళ్ళతో చెప్పాను. మా మరదలు ఇలా అంది చూడండిరా అని. నవ్వుకోవడానికే చెప్పాను. నా పిల్లల మీద ఒట్టు, ఇంకో ఉద్దేశం లేదు. ఓనరుగారు వెనకాలే నిలబడి ఉన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. రెండు రోజుల తర్వాత పిలిచి ఈ పని చెప్పారు.”

ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం అది. ఇంటి భోజనాల దగ్గర ఆడిన మాట గోడౌను దాకా నడిచి వెళ్ళి, ఆరు వందల బస్తాలను పేర్చి, అరవై మూడు గొర్రెలను మింగింది. మాట ఆమెది, మోసింది ఆయన, వాడుకున్నది మూడో మనిషి. అయినా ఉన్నది ఉన్నట్టు రాసింది. తన మాటను కూడా ఒక్క అక్షరం మార్చకుండా రాసింది.

“మిగతా వరసల్లో పశువుల దాణా ఉందని నీకు తెలుసా?” ఇది ఆరో ప్రశ్న.

“నాకేం తెలుస్తుంది? బస్తా మూతి కుట్టేసి వస్తుంది. మోయడం, పేర్చడం నా పని. లోపల మట్టి ఉందో బంగారం ఉందో హమాలీకి చెప్తారా?”

జవాబు గబగబా వచ్చింది. ముందే తయారు చేసుకున్న మాట అలాగే వస్తుంది. ఆమె పెన్ను ఆగింది. ఆ క్షణంలో అక్క ముఖం గుర్తొచ్చింది.

అక్కకు పదకొండు గొర్రెలు. మిల్లు పనివాళ్ళకు నెలకు రెండు బస్తాలు చవగ్గా ఇస్తారు, బావ అవి ఇంటికి తెస్తాడు. ఆ దాణాతో అక్క గొర్రెలు నిగనిగలాడుతూ తయారయ్యాయి. సంతలో గొర్రెల పెద్దాయన వాటిని చూసి, ఏం పెడుతున్నావు తల్లీ అని అడిగాడు. అక్క సంచీ ట్యాగు చూపించి, కళ్ళు మూసుకుని ఇదే తీసుకో పెద్దాయనా, మా ఇంటాయన పనిచేసే మిల్లుదే అని చెప్పింది. ఆయన ఇరవై బస్తాలు తీసుకున్నాడు. మంద పోయాక ఒకరోజు అక్క ఇంటి ముందుకొచ్చి, ఆమె గొర్రెలను కాసేపు చూసి, “నీవి బాగానే ఉన్నాయమ్మా” అని మాత్రం అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే అక్క తట్టుకునేది. అప్పటి నుంచి ఆమె సరిగ్గా అన్నం తినడం లేదు. రోజూ సాయంత్రం చెల్లెలికి ఫోను చేసి ఒకటే మాట అడుగుతుంది. “అదే ట్యాగు కదే చిన్నీ. అదే మిల్లు. ఆయనవి పోయి నావెందుకు బాగున్నాయి? నా చెయ్యి అంత చెడ్డదా?”

నీళ్ళ తేడా ఏమోనని, మేత తేడా ఏమోనని చెల్లెలు ఏదో ఒకటి చెప్పి ఫోను పెట్టేసేది. ఆ తేడా ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది.

ఆమె ఏడో ప్రశ్న రాసింది. రాశాక చదివింది.

“మీ ఇంటి గొర్రెలకు ఏ వరసలోని బస్తాలు తీసుకెళ్ళేవాడివి?”

బయట లారీవాడు ఎవడో రేడియో పెట్టాడు, మళ్ళీ ఆపేశాడు. బావ తుండుగుడ్డ అంచు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

“బావా.”

“అయిదో వరసలోవి” అన్నాడు. చెప్పేటప్పుడు నేలను చూస్తున్నాడు. “నెట్టు కట్టేటప్పుడే రెండు పక్కన పెట్టుకునేవాణ్ణి. కింద ఏముందో నాకు తెలియదు మరదలా. తెలుసుకోవాలని అనుకోలేదు. ఏదో తేడా ఉందని మాత్రం తెలుసు. లేకపోతే అంత కష్టపడి ఎందుకు కట్టిస్తాడు? ఆ మాత్రం తెలియకపోవడానికి నేనేం చంటిపిల్లాణ్ణా?”

ఆమె జవాబు రాసింది. ముప్ఫై అయిదేళ్ళుగా ఈ మనిషిని అభిమానిస్తూ వచ్చింది. తండ్రి చనిపోయిన ఏడాది తన చదువు ఫీజు కట్టడానికి రెండు షిఫ్టులు మోసిన మనిషి. ఆయన్ను అసహ్యించుకోవడం ఆమెకు చేతకాలేదు, క్షమించడమూ చేతకాలేదు.

“సంతకం పెట్టు” అని కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది.

ఆయనకు చదవడం నెమ్మది. వేలు పెట్టుకుని మొదటి నుంచీ చదివాడు. ఏడో ప్రశ్న దగ్గర వేలు ఆగింది.

“ఇదొక్కటి కొట్టెయ్. మిగతా అంతటికీ సంతకం పెడతాను. ఓనరు పేరుకీ పెడతాను. ఉద్యోగం పోతే పోనీ. రేపు పదింటికి నీ వెనకాలే వచ్చి పెద్దసారు ముందు నిలబడి కూడా చెప్తాను. ఇదొక్కటి కొట్టెయ్ మరదలా.”

“అది కొట్టేస్తే ఇందులో ఇంకేం మిగులుతుంది బావా? ఓనరు కట్టమన్నాడు, నువ్వు కట్టావు, అంతే. గాలి ఆడటానికి అలా కట్టించానంటాడు వకీలు. ఒక వరస మంచిది, మిగతావి తినకూడనివి అని మిల్లులో వాళ్ళకి తెలుసని చెప్పేది ఈ ఒక్క జవాబే.”

“తెలుసు.”

“తెలిసి అడుగుతున్నావా?”

“జైలుకి భయపడి కాదు.” ఆయన వేలు ఇంకా ఆ ప్రశ్న మీదే ఉంది. “మీ అక్క రాత్రిళ్ళు లేచి గొర్రెల దగ్గరికెళ్ళి కూర్చుంటోంది. వాటి కళ్ళు టార్చి వేసి చూసుకుంటుంది, పచ్చబడ్డాయేమోనని. నా చేత్తో ఆ పెద్దాయన్ని చంపానండీ అంటుంది నాతో. నేను పక్కనే పడుకుని వింటున్నాను. పద్దెనిమిది రోజులు, వింటూ ఊరుకున్నాను. మంచి బస్తా ఏరుకుని నీకు తెచ్చిచ్చి, నువ్వు దాన్ని చూపించి ఇంకొకడికి చెడ్డవి కొనిపిస్తుంటే నోరు మూసుకున్నాను అని దాంతో ఎలా చెప్పను? ఇరవై బస్తాలు నా చేత్తోనే లోడు చేయించానే ఆయనకి. అన్నీ కింది వరసలవే. డబ్బిచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఇవన్నీ నీకు రాసిస్తాను. కాగితం బయటికి పోతే దానికి తెలుస్తుంది. అది నన్ను ఇక మనిషిలా చూడదు.”

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. ఒక్క గీత. ఆ గీత గీస్తే ఈయన సంతకం పెడతాడు, యజమాని పేరు కాగితం ఎక్కుతుంది. రేపు సీలు నిలిచినా నిలవొచ్చు, నిలవకపోనూవచ్చు. గీయకపోతే ఈయన సంతకం లేదు, సీలు తప్పకుండా ఊడుతుంది, మూడు లారీలూ కదులుతాయి. ఆరు వందల బస్తాలకు ఎన్ని మందలో ఆమె మనసులో లెక్క కట్టబోయి, కట్టలేక వదిలేసింది. పెన్ను మొన ఏడో ప్రశ్న మీద ఆనింది.

“ఏ ప్రశ్న కొట్టేయాలి?”

తలుపు దగ్గరి నుంచి వచ్చింది ఆ గొంతు. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. వాచ్‌మను చెయ్యి అడ్డం పెట్టి, “లోపలికి రాకూడదమ్మా, సీలు వేసిన జాగా” అంటున్నాడు. ఆ చేతికి అవతల, క్యారియరు పట్టుకుని అక్క నిలబడి ఉంది. రోజూ మూడింటికి మొగుడికి అన్నం తెచ్చే మనిషి. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు. ముఖం మాత్రం చాలాసేపటి నుంచి నిలబడ్డ మనిషి ముఖంలా ఉంది.

“నువ్వు ఇంటికెళ్ళు” అన్నాడు బావ, లేవబోతూ. “ఆఫీసు పని. తర్వాత చెప్తాను.”

“పద్దెనిమిది రోజుల నుంచి అడుగుతున్నానండీ. మీరు తర్వాతా చెప్పలేదు, ముందూ చెప్పలేదు.” అక్క గొంతు పెంచలేదు. క్యారియరు గడప అవతల నేల మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. వాచ్‌మను చెయ్యి దానంతటదే కిందికి దిగింది, కానీ ఆమె గడప దాటలేదు. “చిన్నీ, నేను లోపలికి రాను. నీ పద్ధతి నీది. అక్కడి నుంచే చదువు.”

“అక్కా, ఇది వాంగ్మూలం. నీకు చదివి వినిపించడం…”

“జవాబు చదవద్దు. అది గవర్నమెంటుది, నాకక్కర్లేదు. ప్రశ్న ఒక్కటీ చదువు.” అక్క చెల్లెలి వైపు చూడటం మానేసి మొగుడి వైపు తిరిగింది. “జవాబు ఈయన చెప్తారు.”

బావ సగం లేచినవాడు నెట్టు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన చెయ్యి పడ్డ బస్తా అయిదో వరసలోది.

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. అక్షరాలు తనవే అయినా మొదటిసారి చదువుతున్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా చదివింది.

“మీ ఇంటి గొర్రెలకు ఏ వరసలోని బస్తాలు తీసుకెళ్ళేవాడివి?”

అక్క ఎదురుచూసింది. బావ ఆమె ముఖంలోకి చూసి, నోరు తెరిచాడు.